మామయ్య తెచ్చిన సంచీ

2022లో ఫ్లాట్ రిజిస్ట్రేషన్ దగ్గర నాకు ఎనిమిది లక్షలు తక్కువ పడ్డాయి. ఎవరికీ చెప్పనంటూనే అమ్మ తన తమ్ముడికి ఫోన్ చేసింది. మూడోరోజు పొద్దున్నే మామయ్య గుంటూరు నుంచి దిగి, సోఫా మీద ఎరువుల సంచీ పెట్టాడు. రెండేళ్ల మిర్చి డబ్బు. కట్ట విప్పితే ఘాటుకి అమ్మకి తుమ్ములొచ్చాయి.

"లెక్కపెట్టుకో అల్లుడూ. తిరిగి ఇవ్వక్కర్లేదు."

నా టెన్షనంతా ట్యాక్స్ గురించే. ఆడిటర్ గారికి ఫోన్ చేస్తే, "డబ్బు మీరు తీసుకున్నారా?" అన్నారు.

"ఇంకా సోఫా మీదే ఉందండీ."

"అక్కడే ఉండనివ్వండి."

మేనమామ ఇచ్చిన బహుమతికి పన్ను లేదట, ఎంతైనా సరే. చిక్కల్లా రొక్కంతోనే. ఒకే మనిషి దగ్గర ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నోట్లుగా పుచ్చుకోకూడదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 269ఎస్‌టీ అది, 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. బంధువులకీ మినహాయింపు లేదు. ఎంత పుచ్చుకుంటే అంత పెనాల్టీ, అదీ పుచ్చుకున్నవాడికే. రోజుకి లక్షా తొంభై వేల చొప్పున తీసుకుంటానన్నాను, తెలివిగా. ఒకే సందర్భం కోసం ఇచ్చేదంతా కలిపే లెక్కేస్తారని నవ్వారాయన.

"నా డబ్బు నా అల్లుడికిస్తే గవర్నమెంటుకేంటి?" అని మామయ్యకి కోపమొచ్చింది. టిఫిన్ కూడా సరిగా తినకుండా సంచీతో బస్సెక్కాడు. ఆ పూటంతా అమ్మ నాతో మాట్లాడలేదు.

మిర్చి అమ్మినప్పుడు యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు, అంటే అమ్మకం రసీదులు, దాచుకోవడం మంచిదైంది. పాన్ కార్డుతో పాటు అవీ చూపించి తన ఖాతాలో వేసుకున్నాడు. అక్కడి నుంచి ఆర్‌టీజీఎస్‌లో నాకొచ్చాయి. స్టాంపు కాగితం మీద గిఫ్ట్ డీడ్ రాసుకుని, ఇద్దరం సంతకాలు పెట్టాం. రిటర్న్‌లో ఆడిటర్ గారు దాన్ని పన్ను లేని ఆదాయం కింద చూపించారు.

పోయినేడాది మామయ్య మోకాలి ఆపరేషన్‌కి రెండు లక్షలు పంపబోతూ మళ్లీ ఆడిటర్ గారినే అడిగాను. చట్టం లెక్కలో నాకు మేనమామ బంధువే కానీ, ఆయనకి మేనల్లుడు బంధువు కాదట! బహుమతిగా ఇస్తే, ఏడాదిలో యాభై వేలు దాటితే మొత్తం ఆయన ఆదాయమే అవుతుంది. అందుకని బ్యాంకు ద్వారానే, వడ్డీ లేని చేబదులుగా కాగితం రాసి పంపాను. సంతకం పెడుతూ మామయ్య అమ్మకేసి చూసి, "అప్పు పెట్టాడే నీ కొడుకు" అన్నాడు.