ఒకే పేరుతో ఇద్దరు

శనివారం. పొద్దున్నుంచీ మంచు పడుతూనే ఉంది. కుక్కర్ పెట్టేసి, మా అత్తగారి పుట్టింటి వంశవృక్షం ముందేసుకుని కూర్చున్నాను. ఆవిడ నాయనమ్మ పుట్టింది అయోవా రాష్ట్రం ఈశాన్య మూల, విన్నెషీక్ కౌంటీలో. నార్వే నుంచి వలస వచ్చిన రైతు కుటుంబం.

నాకు కావలసింది ఆ నాయనమ్మను కన్నతల్లి. ఆమె భర్త సంగతులు పొలం కాగితాల్లో బాగానే దొరికాయి. ఆమెను మాత్రం జనాభా లెక్కల్లోనే వెతుక్కోవాలి. అమెరికా 1890 లెక్కల కాగితాలు చాలావరకు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. అంటే 1880 తర్వాత పుట్టి, 1900లోపే పోయిన పిల్లలకు ఆ లెక్కల్లో ఆనవాలే లేదు. అయోవా ప్రభుత్వం 1885లో, 1895లో సొంతంగా లెక్కలు తీయడం మా అదృష్టం.

1885 పేజీలో మూడేళ్ల పాప ఉంది. 1895లో అదే ఇంట్లో, అదే పేరుతో ఎనిమిదేళ్ల పిల్ల. పదమూడు ఉండాలి కదా! చాలాసేపు ఆ రెండు అంకెల మీదే చూపు ఆగిపోయింది. బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టుకోవడం అప్పటి నార్వే కుటుంబాల్లో మామూలే. 1900 లెక్కల్లో తల్లులను ఎంతమందిని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. ఈమె వరుసలో 9, పక్కనే 6.

మనవైపు పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతివాళ్ళకు పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవారు, చావు కన్ను పడకూడదని. ఈ తల్లి పోయిన బిడ్డ పేరుతోనే ఇంకో బిడ్డను పిలుచుకుంటూ పెంచింది. రోజుకు ఎన్నిసార్లు పిలిచి ఉంటుందో. గుండె బరువెక్కింది.

అత్తగారికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నాయనమ్మ ఈ మాట మాకెవరికీ చెప్పలేదు," అన్నారు. తర్వాత వెంటనే, "మిగతా ఇద్దరి పేర్లేంటి?" అని అడిగారు. లూథరన్ చర్చి పాత రిజిస్టర్లలో బాప్తిస్మాలు, ఖననాలు రాసి ఉంటాయి. రోడ్ల మీద మంచు తీసేయగానే ఇద్దరం కలిసి వెళ్తున్నాం. కారు తనే నడుపుతారట.