రాయగడ సంతలో బీపీ కబుర్లు

రాయగడ సంతలో ఆకు పొట్లాల్లో ఎర్రచీమలు అమ్ముతుంటే మా అత్త ముక్కు మూసుకుని "ఛీ, పురుగులు తింటారేటి!" అంది. నువ్వు రోజూ వేసుకునే బీపీ మాత్ర రామిప్రిల్‌ది పాము విషం వంశమే అన్నాను. నమ్మలేదు. నిజమే మరి. బ్రెజిల్ పాము విషంలోని పెప్టైడ్లను, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలను చూసే కాప్టోప్రిల్ అనే బీపీ మందు తయారుచేశారు, 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. రామిప్రిల్ ఆ కోవలోదే.

ఇప్పుడు బీపీ తగ్గించే ముక్కల కోసం పురుగుల వంతు. పట్టుదారం తీశాక గూటిలో మిగిలే పురుగులను, అంటే ప్యూపాలను ఎండబెట్టి, నూనె తీసేసి, ఆ పొడిని నీళ్లలో కలుపుతారు. ఆల్కలేజ్ అనే ఎంజైమ్ వేసి 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి తిప్పుతారు. ప్రోటీన్ గొలుసు తెగి చిన్న చిన్న ముక్కలవుతుంది. తర్వాత బాగా వేడి చేస్తే ఎంజైమ్ పని ఆగిపోతుంది. ఆ ముక్కల్లో కొన్ని, రామిప్రిల్ లాగే, మన ఒంట్లోని ఏసీఈ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. రక్తనాళాలను బిగించి బీపీ పెంచే యాంజియోటెన్సిన్-2ని తయారుచేసేది ఆ ఏసీఈయే.

కాకపోతే ఆ ముక్కలు పెడితే ప్రయోగాల్లో ఎలుకలకి బీపీ తగ్గడం వేరు, మా అత్తకి తగ్గడం వేరు. కడుపులో ఆ ముక్కలు ఇంకా అరిగిపోవచ్చు. రొయ్యలు పడనివాళ్లకి పురుగులూ పడకపోవచ్చు. మాత్రలు మానేయమని నేననలేదు, ఫోన్లు చెయ్యకండి బాబూ!

అంతా విని అత్త అన్నదొకటే: "పాము సంగతి మీ మావయ్యకి చెప్పకురా, అసలే మాత్ర వేసుకోడు."