ప్రమాణం చేయనన్న మా అబ్బాయి

మావాడు ఇక్కడ అమెరికాలో, యూనివర్సిటీలో ఫ్రాటర్నిటీలో, అంటే మగపిల్లల విద్యార్థి సంఘంలో, చేరతానన్నప్పుడు మా టెన్షనంతా తాగుడు గురించి, హేజింగ్ (కొత్తవాళ్లని సీనియర్లు వేధించడం) గురించి. చివరికి పేచీ వచ్చింది దేవుడి దగ్గర. ఇనీషియేషన్‌లో, అంటే సభ్యుడిగా చేర్చుకునే తంతులో, బైబిలు మీద చెయ్యి పెట్టి, దేవుడి పేరున ప్రమాణం చేయాలని ఎవరో సీనియర్ చెప్పాడట. "అమ్మా, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆ మాటలు నేను అనలేను" అన్నాడు ఫోన్లో.

విజయవాడలో ఉన్న మా అత్తగారికి ఇదసలు సమస్యగానే తోచలేదు. "నేను గుణదల కొండెక్కి మేరీమాతకి కొవ్వొత్తులు వెలిగించలేదా? ఏ దేవుడైతే ఏంట్రా, దండం పెట్టుకో" అన్నారు. ఆవిడ పెరిగిన ఊళ్లో అది నిజమే. ఫిబ్రవరి తిరనాళ్లకి గుణదల వెళ్లేవాళ్లలో హిందువులు ఎంతోమంది. మా ఆయన ఇంకో దారి చెప్పారు: "పది నిమిషాల తంతు. పైకి అనేసి రా, మనసులో ఏముందో ఎవరు చూస్తారు?"

నేను పిల్లవాడి పక్షం. అత్తగారు తన ఇష్టంతో కొండెక్కారు, అక్కడ ఎవరూ ఆవిడ చేత ఒట్టు వేయించుకోలేదు. ఇక్కడ తలుపులు మూసిన గదిలో, ముందుగా చూపించని మాటలు పలికించి, జీవితాంతం కట్టుబడి ఉండమంటారు. ఆడిన మాట తప్పకూడదని చెప్పి పెంచిన పిల్లవాణ్ణి, నమ్మని మాట పైకి అనేసి రమ్మని ఏ నోటితో చెప్పను?

ఈ ఇబ్బంది మన పిల్లలతో మొదలైంది కాదు. పాత ఫ్రాటర్నిటీలు చాలావరకు క్రైస్తవ కుర్రాళ్లు పెట్టుకున్నవి. సిగ్మా కై (1855) బ్యాడ్జి తెల్ల శిలువ. అంతర్యుద్ధం ముగిసిన 1865లో వర్జీనియాలో పుట్టిన ఆల్ఫా టౌ ఒమేగాకి క్రైస్తవ సోదరభావమే పునాది. వాటిలో చోటు దొరకని యూదు విద్యార్థులు 1898లో న్యూయార్క్‌లో సొంతంగా ఒకటి పెట్టుకున్నారు, అదే తర్వాత జీటా బీటా టౌ అయింది. అంతకు ముందే, 1895లో, యేల్‌లో మతభేదం పాటించని పై లాంబ్డా ఫై వచ్చింది. మన దక్షిణాసియా పిల్లలు 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై మొదలుపెట్టారు.

మావాడు చాప్టర్ (వాళ్ల యూనివర్సిటీలోని ఫ్రాటర్నిటీ శాఖ) ప్రెసిడెంటుని కలిసి, దేవుడి పేరు లేకుండా మాట ఇస్తానన్నాడు. అడగరానిదేమీ అడగలేదు. అమెరికా రాజ్యాంగమే అధ్యక్షుడికి కూడా ఆ వెసులుబాటు ఇచ్చింది. మన అసెంబ్లీల్లోనూ దైవసాక్షిగా అనడం ఇష్టం లేని సభ్యులు ఆ మాట లేకుండానే ప్రమాణం చేస్తారు. ప్రైవేటు సంఘానికి ఆ చట్టాలు వర్తించవు, నిజమే, కానీ మర్యాద వర్తించాలి కదా. నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం వాడితో పాటు అభ్యంతరం చెప్పిన ఇంకో అబ్బాయి. వాడు గట్టి క్రైస్తవుడు. అసలు ఒట్టే వేయకూడదని బైబిల్లో ఉంది, ఆ బైబిలు మీదే ఒట్టు ఎలా వేయను అన్నాడట. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు కోర్టుల్లో ప్రమాణం చేయబోమని శతాబ్దాల కిందటే ఎదురు నిలిచింది ఈ కారణంతోనే. నమ్మేవాడూ నమ్మనివాడూ కలిసి ఒకే మాట అడిగారు.

బైబిలు మీద చెయ్యి పెట్టకపోయినా పర్వాలేదుగానీ, మాటలు మార్చే అధికారం తమకి లేదని, అది అన్ని చాప్టర్లకీ పైనున్న నేషనల్ ఆఫీసు చేతిలో ఉందని జవాబొచ్చింది. ఇద్దరూ మానుకున్నారు. మావాడు బాధపడ్డాడు, అక్కడి స్నేహితులంటే వాడికి ప్రాణం.

మీ పిల్లలు ఈ దారిలో ఉంటే రష్ వారంలోనే (ఫ్రాటర్నిటీలు కొత్తవాళ్లని ఎంచుకునే రోజుల్లో), డబ్బు కట్టకముందే అడగమనండి: ప్రమాణంలో దేవుడి పేరు ఉందా, మోకరిల్లాలా, వద్దంటే వేరే పద్ధతి ఉందా? తంతు మొత్తం చెప్పనక్కర్లేదు, ఈ మూడింటికి జవాబు ఇస్తే చాలు. అది కూడా రహస్యమే అంటే అక్కడే ఆగమని చెప్పండి.