పెట్టె దించేశాక అంతర్వేదికి

అంతర్వేదికి మొదటిసారి వెళ్లినప్పుడు రాజోలు దాటాక ఓ కాలువ గట్టు మీద బండి వెనక చక్రం దిగబడిపోయింది. వానలు వెలిసి నాలుగు రోజులే. ఒండ్రుమట్టి తడిస్తే ఇక బంకే. ట్రాక్టరు తెచ్చి లాగిన రైతు వెనకనున్న పెట్టె వంక చూసి, "ఇల్లంతా ఎత్తుకొచ్చేశారేటండీ?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మాది పాత బొలెరో క్యాంపర్. ముందు అయిదుగురం కూర్చుంటాం, వెనక తొట్టి. మాకు అమ్మినాయన ఆ తొట్టిలో ఇనప యాంగ్లర్లు నిలబెట్టి, ప్లైవుడ్ కొట్టి పెట్టెలాంటి గది కట్టించుకున్నాడు. క్యాబిన్ మీదకి మంచం, కింద సింకు, అలమర, ఇన్వర్టర్ బ్యాటరీ, వంద లీటర్ల ట్యాంకు. ట్యాంకు నింపితే నీళ్లే 100 కిలోలు! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా పారిన కాలువల గట్లే మనకి చాలాచోట్ల దారులు. అంత బరువుతో వాటి మీదకి వెళ్లడం నా తప్పే.

వారం రోజులు నేనూ నాన్నా ఆ పెట్టెని విప్పాం. స్క్రూలు తుప్పుపట్టి తిరక్కపోతే గ్రైండరుతో కోశాం. ఉప్పుగాలికి ఉబ్బిన ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడొచ్చింది. దాని కింద తొట్టి రేకుకి అరచేయంత చిల్లు కనపడేసరికి గుండె ఝల్లుమంది. పిల్లలు పడుకున్నది సరిగ్గా దాని పైనే. అతుకు వేయించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూశాం. సింకు అమ్మ పెరట్లో పెట్టించుకుంది. చివరికి బండి మీద మిగిలినవి నాలుగు గొట్టాలు, టార్పాలిన్, దోమతెర, చాపలు, చిన్న గ్యాసు బండ, రెండు నీళ్ల టిన్నులు.

పుష్యమాసంలో అమ్మతో సహా అయిదుగురం బయల్దేరాం. రావులపాలెం, పి.గన్నవరం, రాజోలు, సఖినేటిపల్లి. అప్పుడు దిగబడిన గట్టు మీద ఊపిరి బిగబట్టాను. గట్టు ఎండి ఉంది, బండీ తేలికైంది, ఊగకుండా దాటేసింది.

అంతర్వేదిలో ఓ రైతుని అడిగితే తన తోటలో ఉండమన్నారు. "చెట్టు కింద మాత్రం పెట్టకండి, కాయ రాలితే ప్రమాదమండి" అని కళ్లం చూపించారు. తొట్టిలో అడ్డంగా అమ్మా పిల్లలూ, కింద చాప మీద మేమిద్దరం. ఫ్యాను లేకుండా ఎండాకాలంలో కుదరదు. ఈ చలిరోజుల్లో దోమతెర చాలు. ఇదివరకు చీకటిపడితే అందరం పెట్టెలో దూరేవాళ్లం. ఈసారి అన్నం ఉడికేదాకా బయటే కూర్చుని సముద్రం హోరు విన్నాం. తెల్లారగట్ల అన్నాచెల్లెళ్ల గట్టుకి నడిచి, గోదావరి పాయ వశిష్ఠ నీళ్లు సముద్రంలో రంగు మారుతుంటే పిల్లలకి చూపించాను.

తిరుగుదారిలో సఖినేటిపల్లి రేవులో బండిని పంటు, అంటే నది దాటించే బల్లకట్టు, ఎక్కించాం. కిందటిసారి బండి తోక బల్లకి గీసుకుంది. ఈసారి తగల్లేదు. నరసాపురంలో దిగి టీ తాగాక, దోమతెరకి పడ్డ చిరుగు కుట్టడానికి మా ఆవిడ దారపుండ కొంది.