ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో చివరికి తెలిసింది: మా పాప వీడియో ఈఈజీ అనుభవం

నిన్న సాయంత్రమే ఆసుపత్రి నుంచి గాజువాకలో మా ఇంటికి వచ్చాం. ఈఈజీ అంటే తలకు వైర్లు అతికించి, మెదడులోని విద్యుత్ సంకేతాలను గీతలుగా చూసే పరీక్ష. ఆ వైర్లు అతికించిన జిగురు పాప జుట్టుకు ఇంకా పూర్తిగా వదల్లేదు. మందులకు లొంగని ఫిట్స్‌తో పిల్లలను పట్టుకుని తిరుగుతున్న తల్లులు విశాఖలోనే ఎంతమందో ఆ వార్డులో చూశాను. అందుకే వెంటనే రాస్తున్నాను.

అపాయింట్‌మెంట్, అడ్మిషన్ ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. ఎంఆర్‌ఐ కూడా అంతే, మత్తిచ్చి తీశారు.

మేం నలిగిపోయింది అంతకుముందు. మా పాపకు ఫిట్స్ ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి. ముందు కుడిచేతి బొటనవేలు కొట్టుకుంటుంది. తర్వాత చెయ్యి, ఆపైన నోరు కుడివైపుకు లాగుతుంది. అప్పటిదాకా తెలివి ఉంటుంది, "అమ్మా, వచ్చేస్తోంది" అంటుంది. ఆ తర్వాతే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఇదంతా ఫోన్లో వీడియో తీసి, నగరంలో బాగా పేరున్న ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన ఫోను వైపు చూడనైనా లేదు. "పిల్ల కొట్టుకుంటుంటే వీడియో తీస్తూ కూర్చున్నావా? తల్లివేనా నువ్వు?" అన్నారు. గదిలో ఇంకా రెండు కుటుంబాలున్నాయి. పాపను పక్కకు తిప్పి పట్టుకున్నది మా అత్తగారు, తీసింది నేను. ఆ మాట చెప్పేలోపే, "బొటనవేలంటావేంటమ్మా, డాక్టరు నువ్వా, నేనా?" అని చీటీ మీద జనరలైజ్డ్ అని రాసి, మూడో మందు కలిపారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పాప నా కొంగు పట్టుకుని, "నావల్లేనా అమ్మా?" అంది. ఆ మాట నేను మర్చిపోను.

ఆ ఒక్క ముక్క వల్ల మాకు ఎంత నష్టమో ఇప్పుడు తెలిసింది. జనరలైజ్డ్ అంటే మొదటినుంచే మెదడు రెండువైపులా పుట్టిందని. ఒకచోట పుట్టి పాకినదైతే మందు ఎంపిక వేరు, ఆపరేషన్‌కు వీలుంటుందేమో చూడాల్సిన అవసరం వేరు. సరైన మందులు రెండు, సరైన డోసులో వాడినా ఆగకపోతే మందులకు లొంగని మూర్ఛ అనాలని 2010లోనే అంతర్జాతీయ నిర్వచనం వచ్చింది. అప్పుడే ఎపిలెప్సీ నిపుణుల దగ్గరికి పంపాలి. మమ్మల్ని ఎవరూ పంపలేదు, మేమే వెతుక్కుని వెళ్లాం.

వీడియో ఈఈజీలో తలంతా వైర్లు అతికించి, గుడ్డ చుట్టి, కెమెరా ముందు పడుకోబెట్టారు. ఫిట్స్ వచ్చినప్పుడు రికార్డు చేయడానికి డాక్టర్ల కళ్లముందే మందులు తగ్గించారు. దుప్పటి కప్పనివ్వరు, చేతులు కనబడాలి. ఫిట్స్ మొదలవగానే నేను బటన్ నొక్కాలి, కెమెరాకు అడ్డం రాకూడదు. నర్సమ్మ పరుగున వచ్చి పేరు అడిగింది, చెయ్యెత్తమంది, గుర్తుపెట్టుకోమని ఒక మాట చెప్పింది.

తర్వాత అక్కడి డాక్టరు మేడం మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. "ఇక్కడ చూడమ్మా." ఎడమవైపు మధ్యలో సీ3 అనే చోట గీత సన్నగా, వేగంగా వణకడం మొదలైంది. కుడిచేతిని నడిపేది మెదడు ఎడమ సగమే. కాసేపటికి పక్క గీతలు కదిలాయి, ఆపైన కుడి సగం కూడా అందుకుంది. రెండు సగాలను కలిపే నరాల కట్ట మీదుగా అటు దాటుతుందట. చివరికి గీతలన్నీ కొండల్లా లేచాయి. "ఊరేగింపు ఎక్కడ ఎక్కువ గోల చేసిందో కాదు, ఏ ఇంటినుంచి బయల్దేరిందో మనకు కావాలి" అన్నారు మేడం. ఫిట్స్ లేనప్పుడు గీతల్లో సూదిమొనల్లా లేచే స్పైకులు కూడా ఇలాగే ఒకచోట పుట్టి, మిల్లీసెకన్లలో పక్కకు పాకుతాయట. పాకిన చోటు తీసేసి, పుట్టిన చోటు వదిలేస్తే ఫిట్స్ మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. పైగా తలపైన పెట్టే వైర్లకు లోతులో పుట్టింది ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే కొందరు పిల్లలకు మెదడు లోపలే ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తారు.

ఈఈజీ యంత్రం పుట్టకముందే, 19వ శతాబ్దంలో, జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఇంగ్లండు డాక్టరు వేళ్లనుంచి చేతికి, ముఖానికి పాకే ఈ వరసను గమనించి, ఇది మెదడు పైపొరలో ఒకచోట పుడుతోందని చెప్పాడు. కళ్లతో చూసే చెప్పాడు. మా పాప వీడియో ఒక్క నిమిషం చూడటానికి మన డాక్టరుగారికి ఏమడ్డొచ్చింది?

ఇదివరకు నార్మల్ అన్న ఎంఆర్‌ఐ స్థానంలో, ఈసారి మూర్ఛ కోసమే ప్రత్యేకంగా తీసిన స్కాన్‌లో ఆ చోటే చిన్న లోపం కనబడింది, పుట్టుకతో వచ్చిందట. చెయ్యి కదిలించే భాగానికి దగ్గర కాబట్టి ఆపరేషన్ సంగతి ఇంకా తేలలేదు. ముందు పెట్ స్కాన్ ఉంది, మెదడులో ఏ భాగం ఎలా పనిచేస్తోందో చూసే స్కాన్ అది.

ఫిట్స్ వస్తే పిల్లను పక్కకు తిప్పండి. నోట్లో ఏమీ పెట్టకండి, తాళాల గుత్తి చేతిలో పెట్టడం మానండి. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తండి. ఇంట్లో ఇంకొకరుంటే, మొదటి సెకనునుంచే వీడియో తీయమనండి. డాక్టరు చూడనంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా ఈఈజీ రికార్డింగు, ఎంఆర్‌ఐ సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టరుకు కావాల్సింది అవే.