మాఫీ వస్తుందని పంట రుణం కట్టకపోతే

"ఎలాగూ మాఫీ చేస్తారు, కట్టడమెందుకు?" ఎన్నికల ముందు తరచూ వినిపించే మాట. లెక్క చూడండి. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే కేంద్రం 3 శాతం తగ్గిస్తుంది, అంటే లక్షకు ఏడాదికి 4 వేలే. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. వరి లాంటి స్వల్పకాలిక పంటలకు రెండు సీజన్లు బాకీ పడితే ఖాతా మొండి బకాయిల్లో చేరుతుంది, సిబిల్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకు వేసే మార్కు) పడిపోతుంది. బ్యాంకులో కొత్త అప్పు పుట్టడం కష్టం. ఇక దిక్కు వడ్డీ వ్యాపారే: నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ, ఏడాదికి 36 శాతం! 2024లో తెలంగాణ మాఫీ కూడా కుటుంబానికి 2 లక్షల వరకే. ఆపైది రైతే ముందు కట్టాలన్నారు.

కరువులో మాఫీ అడగడం న్యాయమే. దాన్ని నమ్ముకుని చేతిలో డబ్బున్నా ఆపడమే తెలివితక్కువ. నిజంగా పంట పోతే, గడువుకు ముందే బ్యాంకుకెళ్లి రుణం రీషెడ్యూలు చేయమని (కట్టే గడువు పొడిగించమని) రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి.