మేడ మీద బెంచీలు

1977 నవంబరు 19, శనివారం. నేను తొమ్మిదో తరగతి. మధ్యాహ్నానికే గాలికి మా పాక కప్పు లేచిపోయింది. నాన్న మమ్మల్ని బడికి తీసుకొచ్చాడు. నాగాయలంక దగ్గర మా ఊళ్ళో మేడ ఉన్నది మన బడికే. అప్పటికే అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు.

దివిసీమ వాళ్ళకి తుఫాను కొత్త కాదు. సముద్రం ఇళ్ళ మీదికి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. రాత్రి నీళ్ళు మెట్లెక్కుతుంటే మా తాత చేతిలోకి తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పురా" అన్నాడు. తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ అల కొన్నిచోట్ల 5 మీటర్లకు పైనే లేచిందట. చనిపోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే 10,000 మంది దాకా. తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి మాకోసం విరాళాలు అడిగారు. దివిసీమ ఆ సంగతి మరిచిపోలేదు. కానీ మన బడి సంచికలో నేను చెప్పాలనుకున్నది ఆదివారం పొద్దున జరిగింది.

కోతకొచ్చిన వరి బురద కింద ఉంది. బావి నీళ్ళు నోట పెట్టలేం. పసిపిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్నారు. ఎవరో మేడ మీదికి చేర్చిన బియ్యం బస్తా ఒకటి, బకెట్లలో పట్టిన వాన నీళ్ళు ఉన్నాయి. పొయ్యిలోకి పుల్ల లేదు. ఊరంతటిలో ఎండు కర్ర అంటే మేడ మీది తరగతుల్లో ఉన్న బెంచీలే.

"పగలగొట్టండి" అన్నారు హెడ్మాస్టారు. బెంచీ మీద కంపాసుతో పేర్లు చెక్కామని నన్నూ, నా పక్కన కూర్చునేవాణ్ణీ గంటసేపు ఎండలో నిలబెట్టింది ఆయనే. మొదటి గొడ్డలి దెబ్బ కూడా ఆయనే వేశారు. రెండు రోజులు ఆ బెంచీలతోనే గంజి కాచారు. మా అందరి ప్రాణాలూ ఆ గంజి వల్లే నిలబడ్డాయని ఇప్పటికీ నమ్ముతాను. బడి మళ్ళీ తెరిచాక చాలా రోజులు నేల మీదే కూర్చున్నాం.

మా బెంచీని నేనే మోసుకొచ్చాను. పేర్లున్న చెక్క కాలుతుంటే, వాడొచ్చాక చెప్పాలి, ఇక మనల్ని ఎవరూ కొట్టరని అనుకున్నాను. వాడిది సముద్రం ఒడ్డునున్న సొర్లగొంది. శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్ళాడు. అక్కడి కబురు మాకింకా అందలేదు.